విత్తనపు మడిలో ఊద

ఏమే కుమారీ, ఇటు తిరిగి పడుకో. గోడవైపు తిరిగి పడుకుంటే నేను మరిచిపోతాననుకోకు.

పొద్దున బియ్యంలో రాళ్ళు ఏరమని చాట నీ చేతికిచ్చాను. నువ్వు ఏరలేదు. చాట అటూ ఇటూ ఆడించి, "ఏరేశానమ్మమ్మా" అని నా ముందు పెట్టి ఆటకు పారిపోయావు. మధ్యాహ్నం అన్నంలో మీ తాతయ్య పన్ను కింద రాయి పడింది. ఆయనకు మిగిలినవే ఆ కాసిని పళ్ళు.

రాయి పడిందని నాకు కోపం లేదు. ఎంత ఏరినా ఒక్కోసారి ఒక రాయి కన్ను తప్పుతుంది. ఏరకుండా ఏరానన్నావు చూడు, అందుకు కోపం. ఏడవకు. ఏడిస్తే చేసింది చెరిగిపోదు. కళ్ళు తుడుచుకుని, కథ చెబుతాను విను. ఇది నవ్వించే కథ కాదు. అయినా నువ్వు వినాల్సిందే.

అనగా అనగా ఒక ఊరు. కొండ మీదనుంచి వాగు దిగి వచ్చే చోట ఉంది ఆ ఊరు. ఊళ్ళో అందరివీ వరిచేలే. వరి పండితే అన్నం. పండకపోతే అంబలి. అది కూడా లేకపోతే పస్తు.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి విత్తనం వాళ్ళు దాచుకోరు. ఊరందరి విత్తనమూ ఒకే ఇంట్లో పండుతుంది. అందుకోసం వాగు పక్కన మంచి మడి ఒకటి ఆ ఇంటికి వదిలిపెట్టారు. దాన్ని విత్తనపు మడి అనేవాళ్ళు. ఆ ఇంటివాళ్ళ మిగతా పొలమంతా ఊరే దున్నిపెట్టేది, ఊరే కోసిపెట్టేది. అందుకు బదులుగా ఆ ఇంటి ఇల్లాలు విత్తనపు మడిని కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసుకోవాలి.

ఎందుకంత జాగ్రత్త అంటావా? ఊద కోసం.

ఊద అంటే గడ్డి. కానీ మామూలు గడ్డి కాదు. వరిలోనే పుడుతుంది, వరిలాగే పెరుగుతుంది. నారుగా ఉన్నప్పుడు రెండూ పక్కపక్కన పెడితే కవలపిల్లల్లా ఉంటాయి. వరికి వేసిన ఎరువు అదే తింటుంది. వరికి పెట్టిన నీళ్ళు అదే తాగుతుంది. చివరికి వరి కంటే ఎత్తుగా లేచి దాని నెత్తిన నీడ పరుస్తుంది. కోతకు ముందే గింజ రాల్చేసుకుంటుంది. రాలిన గింజ మట్టిలో దాక్కుని, మరుసటి ఏడు లేస్తుంది, ఆ పై ఏడూ లేస్తుంది.

అందుకని విత్తనపు మడిని మూడుసార్లు చూడాలి. నారు తీసేటప్పుడు చేత్తో చూడాలి. వరి ఆకు కాడను అంటుకునే చోట సన్నని తెల్లపొర ఉంటుంది, పిల్లి నాలుక కొసలాగా. కాస్త నూగు కూడా తగులుతుంది. ఊదకు అక్కడ ఏమీ ఉండదు, నున్నగా జారుతుంది. ఆ తర్వాత పిలకలు వేసేటప్పుడు మడిలోకి దిగి కంటితో చూడాలి. ఊద ఆకు నడుమ తెల్లని గీత, మొదట్లో ఎర్రని జీర కనిపిస్తాయి. ఆ తర్వాత కంకి తీసేటప్పుడు కొడవలితో చూడాలి. తప్పించుకున్న ఊద అప్పుడు గరుకు కంకి వేసుకుని బయటపడుతుంది. గింజ గట్టిపడకముందే కోసి, గట్టు మీదికి తెచ్చి కాల్చేయాలి.

ఇంత చేశాక, విత్తనాలు పంచే రోజున ఆ ఇల్లాలు కుంచం పట్టుకుని వాకిట్లో నిలబడాలి. ఊరి ఆడవాళ్ళందరూ చాటలు పట్టుకుని ముందు నిలబడాలి. అప్పుడామె గట్టిగా చెప్పాలి. "నారులో చేత్తో చూశాను. పిలకలో కంటితో చూశాను. కంకిలో కొడవలితో చూశాను." ఈ మాట చెప్పాకే మొదటి గింజ చాటలో పడాలి. అది ఆ ఊరి ఒట్టు. ఆ ఒట్టు మీదే ఊరంతా అన్నం తింటోంది.

చాలా ఏళ్ళు ఆ కుంచం తవిటమ్మ చేతిలో ఉంది. తవిటమ్మ మొరటు మనిషి. మాట కటువు, పని నిక్కచ్చి. ఆవిడ కొలిచిన విత్తనంలో ఊద మొలిచిందని ఎవరూ ఎన్నడూ అనలేదు. అయితే ముసలితనం వచ్చింది. మోకాళ్ళు వంగడం మానేశాయి. అప్పుడు కుంచం కోడలు బంగారమ్మకు ఇచ్చింది.

బంగారమ్మ చెడ్డది కాదు. ముఖం కళగా ఉండేది. నలుగురిలో నవ్వుతూ మాట్లాడేది. ఒక కూతురు గౌరి, ఆ ఊళ్ళోనే ఇచ్చి పెళ్ళి చేశారు. మొగుడు అప్పన్న నోట్లో నాలుక లేని మనిషి. బంగారమ్మకు ఉన్నదల్లా ఒకటే జబ్బు. పని ఎప్పుడు అయిపోతుందా అని చూసేదే కాని, పని ఎలా అవుతోందా అని చూసేది కాదు.

ఆ ఏడు నారు తీసే రోజు వచ్చింది. కట్టుబాటు ప్రకారం విత్తనపు నారు ఆ ఇల్లాలే ఒంటరిగా తీసి, ప్రతి మొక్కా తడిమి, కట్టలు కట్టాలి. ఆ తర్వాతే మడిలో నాట్లు ఊడ్చేవాళ్ళు వస్తారు. ఆ రోజు ముసురు పట్టింది. వాన నీళ్ళు మెడ మీదినుంచి వీపులోకి కారుతున్నాయి. పిక్కకు జలగ పట్టుకుంది. బంగారమ్మ ఒక కట్ట తడిమింది. రెండో కట్ట సగం తడిమింది. అప్పుడు నడుం పట్టుకుని లేచి, "ఇంతమేరా చూస్తే ఒక్క ఊదా దొరకలేదు. మిగతాదీ ఇంతేలే" అనుకుంది. గబగబా పీకి కట్టలు కట్టేసింది.

ఊడ్చేవాళ్ళు వచ్చేసరికి కట్టలు గట్టు మీద వరసగా ఉన్నాయి. వాళ్ళలో సన్యాసమ్మ ఉంది. సన్యాసమ్మ బంగారమ్మ పక్కింటిది. మొగుడు పోయాడు. ఒక చిన్న పిల్ల ఉంది, ఒక చిన్న మడి ఉంది.

"అప్పుడే అయిపోయిందా వదినా? నీకున్నవి రెండు చేతులా, నాలుగా?" అంది సన్యాసమ్మ.

"నీలాగా మాటలు చెబుతూ కూర్చుంటే ఒక్క చెయ్యీ ఆడదు. దిగు, దిగు" అంది బంగారమ్మ.

అందరూ నవ్వారు. నవ్వుతూనే ఊద కూడా వరితోపాటు నాటేశారు. వాళ్ళ తప్పేం లేదు. కట్టకు ముడి పడిందంటే చూసినట్టే కదా.

సాయంత్రం తవిటమ్మ అరుగు మీదినుంచి అడిగింది. "చేత్తో చూశావా?"

"చూశానత్తా" అంది బంగారమ్మ.

అది మొదటి అబద్ధం. చిన్నదే. నోట్లోంచి వచ్చినప్పుడు బరువు కూడా అనిపించలేదు.

ఆ తర్వాత వరి పిలకలు వేసింది. మడిలోకి దిగి సాలు వెంబడి సాలు చూడాల్సిన రోజులవి. సరిగ్గా అప్పుడే బంగారమ్మ పుట్టింటి ఊళ్ళో అమ్మవారి జాతర. తమ్ముడు బండి కట్టుకుని వచ్చాడు.

"అక్కా, ఎక్కు. ఎడ్లు నిలబడేలా లేవు. ఎండెక్కితే దారిలో మొరాయిస్తాయి" అన్నాడు తమ్ముడు.

"మడి చూసి వస్తాన్రా, ఒక్క క్షణం" అంది బంగారమ్మ.

అప్పుడామె విత్తనపు మడి గట్టెక్కింది. కొత్త చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని నిలబడి చూసింది. మడి పచ్చగా, నిండుగా, గాలికి ఊగుతూ ఉంది. అక్కడక్కడ కొన్ని దుబ్బులు మరీ ఏపుగా ఉన్నాయి. మడిలోకి దిగితే చీర పాడవుతుంది. దిగలేదు. జాతరకు వెళ్ళింది, గాజులు వేయించుకుంది, తమ్ముడి పిల్లలతో రంగులరాట్నం ఎక్కింది. అన్నిటిలోనూ ఆ ఏపైన దుబ్బులు కళ్ళ ముందు ఊగుతూనే ఉన్నాయి. తల విదిలించుకుంది.

తిరిగి వచ్చాక తవిటమ్మ అడిగింది. "కంటితో చూశావా?"

"చూశానత్తా. చూసే వెళ్ళాను."

"దిగి చూశావా?"

"దిగకుండా ఎలా చూస్తారు?" అంది బంగారమ్మ. అని, కొత్త గాజులు కొంగు కింద దాచుకుంది. ఎందుకు దాచుకుందో ఆమెకే తెలియలేదు.

ఆ తర్వాత కంకులు తీసే కాలం వచ్చింది. ఈసారి బంగారమ్మ నిజంగానే కొడవలి పట్టుకుని మడిలోకి దిగింది. నాలుగు అడుగులు వేసి ఆగిపోయింది. 

మడి నడుమ అంతా ఊదే. వరి నెత్తిన గరుకు కంకులు గుంపులు గుంపులుగా, ఊదారంగుతో నిలబడి ఉన్నాయి. గట్టునుంచి చూసినన్నాళ్ళూ అంతా ఒకే పచ్చగా ఉంది. దిగితే తెలిసింది.

ఇప్పుడు విను కుమారీ. నిద్ర తర్వాత పోదువుగాని.

ఆ రోజు బంగారమ్మకు ఒక దారి ఉంది. ఊళ్ళోకి పరుగెత్తి నలుగురు ఆడవాళ్ళను కేకేస్తే, అందరూ కొడవళ్ళు తెచ్చి సాయంత్రానికి ఊద మొత్తం కోసిపెట్టేవాళ్ళు. కానీ వాళ్ళు అడుగుతారు. "ఇంత ఊద ఎలా వచ్చిందే? నారులో చూడలేదా? పిలకలో చూడలేదా?" ఆ మాట తలుచుకునేసరికి ఆమె కాళ్ళు కదలలేదు. మొదటిసారి ఒళ్ళు బరువై తప్పు చేసింది. రెండోసారి సరదా పడి చేసింది. మూడోసారి భయపడి చేసింది. గట్టు మీద నిలబడితే కనిపించేంత మేర ఊద కంకులు కోసి, కాల్చి, చేతులు కడుక్కుని వచ్చేసింది. నడుమ ఉన్నది నడుమే వదిలేసింది.

"కొడవలితో చూశావా?" అని అడిగింది తవిటమ్మ.

"పొగ కనబడలేదా అత్తా?" అంది బంగారమ్మ.

తవిటమ్మకు పొగ కనబడింది. అందుకని ఊరుకుంది.

అప్పటినుంచి బంగారమ్మకు అన్నం సయించలేదు. రోజూ పొద్దున్నే విత్తనపు మడి గట్టుకు వెళ్ళేది. ఎవరైనా అటు వస్తుంటే ఎదురెళ్ళి మాటల్లో పెట్టి మళ్ళించేది. గాలి వీచినప్పుడల్లా ఊద గింజలు సన్నగా రాలుతున్న చప్పుడు వినిపించేది. మొదట్లో ఆ చప్పుడు వినలేక చెవులు మూసుకునేది. కొన్నాళ్ళకు, "రాలిపోనీ, రాలిపోతే ఎవరికీ కనబడదు" అని సంతోషించడం మొదలుపెట్టింది. చూశావా, మనసు ఎక్కడికి జారిందో. ఊద రాలకూడదని కాపలా కాయాల్సిన మనిషి, ఊద రాలితే బాగుండునని మొక్కుకుంటోంది.

అన్నీ రాలలేదు. ఆలస్యంగా వేసిన కంకులు వరితోపాటే కోతకు వచ్చాయి, వరితోపాటే నూర్పుకు వచ్చాయి. బంగారమ్మ చెరిగింది. జల్లెడ పట్టింది. బూడిదరంగు చిన్న గింజలు కింద రాలితే కోళ్ళకు చిమ్మేసింది. రాశి పైకి బంగారంలా ఉంది. లోపల ఎంత ఉందో ఆమె చెయ్యి పెట్టి చూడలేదు.

అప్పుడు విత్తనాలు పంచే రోజు వచ్చింది.

ఆడవాళ్ళందరూ వాకిట్లో చాటలు పట్టుకుని నిలబడ్డారు. కూతురు గౌరి మూడు నెలల బిడ్డను చంకనేసుకుని వచ్చింది. అందరికంటే ముందు సన్యాసమ్మ నిలబడింది. పక్కన ఆమె చిన్నపిల్ల కొంగు పట్టుకుని ఉంది.

"వదినా, నాకు కుంచం తలగొట్టి కాస్త తక్కువే కొలువు, ఫరవాలేదు. గింజ మాత్రం మంచిది వెయ్యి. ఉన్నది ఒక్క మడి. అది పోతే ఈ పిల్లకు ఏం పెట్టను?" అంది సన్యాసమ్మ నవ్వుతూ.

బంగారమ్మ తల ఎత్తి చూసింది.  అరుగు మీద అత్త కూర్చుని ఉంది. ఎదురుగా కూతురు ఉంది. చుట్టూ ఊరు ఉంది. "ఆగండమ్మా, ఈ విత్తనం తడిమి చూసుకోండి" అంటే చాలు. తిట్టేవాళ్ళు, కానీ బతికిపోయేవాళ్ళు.

ఆమె అనలేదు.

"నారులో చేత్తో చూశాను" అంది. "పిలకలో కంటితో చూశాను" అంది.  దగ్గింది. "కంకిలో కొడవలితో చూశాను" అంది.

అని, మొదటి కుంచం సన్యాసమ్మ చాటలో పోసింది.

ఆ తర్వాత ఊరంతా నారు పోసుకున్నారు. నారుమళ్ళు పచ్చగా లేచాయి. ఒట్టు పడిన విత్తనం కదా, నారు తీసేటప్పుడు ఎవరూ తడమలేదు. ఎందుకు తడుముతారు? ఆ ఊళ్ళో అలవాటే లేదు. ఊద సంగతి విత్తనపు ఇంట్లోనే తేలిపోవాలి.

బంగారమ్మ మాత్రం మడి మడికీ తిరిగింది. కూతురి నారుమడి దగ్గర కూర్చుని, ఒక మొక్క పీకి వేళ్ళతో తడిమింది. నున్నగా జారింది. ఇంకోటి పీకింది. అదీ జారింది.

"ఏంటమ్మా, మా నారు పీకేస్తున్నావు?" అంది గౌరి.

"ఏం లేదే. పురుగేమో అని" అంది బంగారమ్మ.

ఆ తర్వాత సన్యాసమ్మ నారుమడి దగ్గరికి వెళ్ళింది. సన్యాసమ్మ పిల్లతో కలిసి గట్టు మీద సద్ది తింటోంది. "రా వదినా, ఉల్లిపాయ నంజుకో. నీ చేతి విత్తనం ఎలా లేచిందో చూడు, పిల్ల జడలాగా ఉంది" అంది. బంగారమ్మ ఉల్లిపాయ తీసుకుంది. కొరకలేకపోయింది. చెబుదామని నోరు తెరిచి, "ఎండ ముదురుతోంది, పిల్లకు గొడుగు తేవాల్సింది" అని లేచి వచ్చేసింది.

ఆ తర్వాత ఊడ్పులకు దిగే రోజున అందరూ రచ్చబండ దగ్గర కలిశారు. అదే ఆఖరి అదను. బంగారమ్మ వెనక వరసలో నిలబడింది. ఇప్పుడు చెబుదాం, ఇప్పుడు చెబుదాం అనుకుంటూనే ఉంది. అందరూ పాట ఎత్తుకుని చేలకేసి వెళ్ళిపోయారు. ఆమె అక్కడే నిలబడిపోయింది.

ఒక్కొక్క మాట నోటి దాకా వచ్చి వెనక్కి వెళ్ళినప్పుడల్లా ఒక్కొక్క చేను పోయింది.

వానలు బాగానే కురిశాయి. వాగు నిండుగా పారింది. చీడ లేదు, తెగులు లేదు. కానీ చేలల్లో ఊద వరిని మించి లేచింది. కొందరు పీకారు. ఒకటి పీకితే దానితోపాటు రెండు వరి దుబ్బులు ఊడివచ్చాయి. అప్పటికి వేళ్ళు అలా పెనవేసుకున్నాయి. కొందరు కోశారు. కోసిన చోట మళ్ళీ పిలకలు వేసింది. కంకులు తీసే వేళకు ఊరి చేలన్నీ ఊదారంగుకు తిరిగాయి.

అప్పుడు ఒక పొద్దున ఆడవాళ్ళు బంగారమ్మ వాకిట్లోకి వచ్చారు. చాటలు పట్టుకుని వచ్చిన వాళ్ళే. ఈసారి ఒక్కొక్కరి చేతిలో ఒక ఊద దుబ్బు ఉంది. వేళ్ళ మట్టితో సహా తెచ్చి అరుగు కింద పడేశారు.  కుప్ప మోకాలెత్తు అయ్యింది.

చివర సన్యాసమ్మ వచ్చింది. ఆమె చేతిలో ఊద లేదు.

"అందరూ ఒక్కో దుబ్బు తెచ్చారు వదినా. నేనేం తేను? నా మడంతా అదే. మడి మోసుకు రాలేకపోయాను" అంది.

తవిటమ్మ గోడ పట్టుకుని లేచి నిలబడింది. ఒక దుబ్బు తీసి, ఆకు కాడను అంటిన చోట బొటనవేలితో రుద్దింది. అప్పుడు కోడలివైపు తిరిగింది.

"చేత్తో చూశావా?"

బంగారమ్మ తల వంచుకుంది. "ఒక కట్ట చూశానత్తా."

"కంటితో చూశావా?"

"గట్టు మీదినుంచి."

"కొడవలితో చూశావా?"

బంగారమ్మ అడ్డంగా తల ఊపింది.

"మరి ఆ పొగ ఏంటి?"

"అంచున ఉన్నది కాల్చాను. అందరికీ కనబడేది కాల్చాను" అని కూలబడి ఏడ్చింది.

తవిటమ్మ కోడలిని తిట్టలేదు. తిడితే బాగుండేది. లోపలికి వెళ్ళి కుంచం తెచ్చింది. అత్తగారి అత్తగారి నాటి కుంచం అది. దాన్ని సన్యాసమ్మ చేతిలో పెట్టింది.

"నాకొద్దత్తా. నా ఇంట్లో తిండికే గింజ లేదు, విత్తనం నేనెక్కడ దాస్తాను?" అని వెనక్కి తగ్గింది సన్యాసమ్మ.

"నీకు ఒట్టంటే భయం ఉంది. పట్టు" అంది తవిటమ్మ. "విత్తనపు మడి కూడా ఇవాళ్టినుంచి నీదే. మా పొలం ఇకమీదట మేమే దున్నుకుంటాం."

ఆ మాటతో ఆ ఇంటికి ఉన్న గౌరవం వాకిలి దాటి వెళ్ళిపోయింది.

ఆ ఏడు ఊళ్ళో కోతలు లేవు. ధాన్యం గరిసెలు అడుగు కనబడుతూ ఉన్నాయి. జనం కొండెక్కి దుంపలు తవ్వుకున్నారు. అంబలి పలచబడింది. సన్యాసమ్మ తన పిల్లను తిండికోసం చెల్లెలి ఊళ్ళో వదిలి వచ్చింది. వచ్చేటప్పుడు పిల్ల బండి వెనక పరుగెత్తిందట. వెనక్కి తిరిగి చూస్తే ఆగిపోతానని సన్యాసమ్మ తిరిగి చూడలేదట. గౌరికి పాలు ఇంకిపోయాయి. బిడ్డకు గంజినీళ్ళు పట్టింది. బంగారమ్మ తన ఇంట్లో ఉన్న గింజలన్నీ కూతురి ఇంటికి మోసుకెళ్ళింది. గౌరి తీసుకుంది, కానీ తల్లిని లోపలికి రమ్మనలేదు.

కొండ అవతలి ఊరివాళ్ళు జాలిపడి కాస్త విత్తనం ఇచ్చారు. సన్యాసమ్మ దాన్ని గింజ గింజ ఏరి, విత్తనపు మడిలో పోసి, ప్రతి మొక్కా తడిమి పెంచింది. అలా ఊరు మళ్ళీ మెల్లగా నిలబడింది. ఏళ్ళు పట్టింది. మట్టిలో దాక్కున్న ఊద ప్రతి వానకూ లేస్తూనే ఉంది. సన్యాసమ్మ పిల్ల మళ్ళీ ఇంటికి వచ్చేసరికి, తల్లి నడుం దాకా ఉండి వెళ్ళిన పిల్ల భుజం దాకా వచ్చింది.

మరి బంగారమ్మ? ఎవరూ ఆమెను కొట్టలేదు, ఊళ్ళోంచి వెళ్ళగొట్టలేదు. ఆమే పొద్దున్నే లేచి ఊరి చేలల్లో దిగేది. సన్యాసమ్మ చేలో, గౌరి చేలో, ఎవరి చేలో ఊద కనబడితే వాళ్ళ చేలో పీకేది. నీళ్ళల్లో నాని వేళ్ళ సందులు ఒరిసిపోయాయి. జలగలు పట్టినా లేచేది కాదు. జాతరకు పిలవడానికి తమ్ముడు వస్తే, "పని ఉందిరా" అనేది. వద్దన్నవాళ్ళు లేరు. మెచ్చుకున్నవాళ్ళూ లేరు.

అలా చేసీ చేసీ ఆమె చేతికి ఎంత పని వచ్చిందంటే, కళ్ళు మూసుకుని నారు మీద చెయ్యి వేస్తే ఏది ఏదో చెప్పేది.

అప్పుడు బంగారమ్మ తన పెరటి వెనక చిన్న మడిచెక్కలో వరి వేసింది. నారులో చేత్తో చూసింది. పిలకలో దిగి చూసింది. కంకిలో కొడవలితో చూసింది. ఒకసారి చూసి ఊరుకోలేదు, మళ్ళీ మళ్ళీ చూసింది. నూర్చాక రోజుల తరబడి చాటలో పోసుకుని గింజ గింజా ఏరింది. అంత శుభ్రమైన విత్తనం ఆ ఊళ్ళో అంతకుముందు లేదు. తవిటమ్మ అప్పటికి పోయింది కాని, ఉంటే ఆవిడ కూడా వంక పెట్టలేకపోయేది.

ఆ ఏడు విత్తనాలు పంచే రోజున సన్యాసమ్మ కుంచంలో కాస్త తరుగు వచ్చింది. చివరనున్న వాళ్ళకు సరిపోలేదు. ఆ చివరనున్నవాళ్ళలో గౌరి ఉంది. బంగారమ్మ తన మూట విప్పి అక్కడ పెట్టింది. ఎండలో గింజలు మెరిశాయి.

"మూడు చూపులూ చూశానమ్మా. నిజంగా చూశాను. తీసుకోండి" అంది.

ఒకామె చాట కిందికి దించింది. ఇంకొకామె పక్కకు జరిగింది. సన్యాసమ్మ గింజలు దోసిట్లోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"మంచి విత్తనమే వదినా" అంది. "కానీ దీనిమీద ఒట్టు నన్ను వెయ్యమనకు. నేను వెయ్యలేను."

అప్పుడు బంగారమ్మ కూతురివైపు చూసింది. "నువ్వు పట్టవే గౌరీ. నీ చాట పట్టు. నా మీద ఒట్టు, ఇది శుభ్రమైనది."

గౌరి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చాట మాత్రం వీపు వెనక్కి పెట్టుకుంది. "అమ్మా, నాకు పిల్లలున్నారు" అంది. అని, కొండ అవతలి ఊరికి విత్తనం అడగడానికి ఎండలో నడిచి వెళ్ళింది.

బంగారమ్మ మూట కట్టుకుని ఇంటికి వచ్చింది. ఊరు ఊరంతా చల్లదగిన ఆ విత్తనాన్ని రోట్లో పోసి దంచింది. చెరిగి, ఎసట్లో వేసింది. విత్తనపు గింజ తిననని అప్పన్న మజ్జిగ తాగి పడుకున్నాడు. అప్పుడామె ఆ అన్నం ఆకులో పెట్టుకుని, ఒక్కతే కూర్చుని తింది. ఒక్క ఊద గింజ లేదు. ఒక్క రాయి లేదు. ఆ తర్వాత ఆమె బతికిన అన్ని ఏళ్ళూ ఆ విత్తనం అలాగే పండించింది, అలాగే తెచ్చి చూపించింది, ఎవరూ చాట పట్టకపోతే అలాగే దంచుకుని ఒక్కతే తింది.

మడిలో నీళ్ళు మళ్ళాయి,
గట్టున కొంగలు వెళ్ళాయి,
కాడి దించిన ఎడ్లన్నీ
కొట్టంలోకి చేరాయి.
కంచి దారిని కథ నడిచింది,
ఇంటి చూరున మన పొద్దు ముగిసింది.